తీపి రొట్టెకు ఎంత నిప్పు కావాలి?

జగిత్యాల జిల్లాలో ముత్యంపేటలు రెండున్నాయి. మల్యాల మండలంలోనిది కొండగట్టు అంజన్న ఊరు. మల్లాపూర్ మండలంలోనిది చక్కెర ఫ్యాక్టరీ ఊరు. మనకిప్పుడు కావాల్సింది రెండోది. 1937లో బోధన్‌లో మొదలైన నిజాం షుగర్స్‌కు మెట్‌పల్లి యూనిట్ ఉన్నది ఇక్కడే. 2002లో సంస్థలో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబర్‌లో బోధన్, మెదక్ యూనిట్లతో పాటు దీనికీ తాళం పడింది. అప్పటిదాకా కోరుట్ల, మెట్‌పల్లి రోడ్ల మీద క్రషింగ్ సీజన్ వచ్చిందంటే చెరుకు బండ్లే. తర్వాత చాలామంది రైతులు వరికి, మక్కకు, పసుపుకు మళ్లారు. ఇంత చక్కెర చూసిన ప్రాంతంలో, పిండిలోనే తీపి కలిపి ఈస్టుతో పొంగించి కాల్చే రొట్టె మాత్రం ఎవరింటి వంటా కాలేదు.

చక్కెర సీమలన్నీ ఇలాగే ఉంటాయనుకోవడానికి లేదు. 1878లో మదీరా దీవి నుంచి పోర్చుగీసు కూలీలు హవాయి చెరుకు తోటలకు ఓడ దిగారు. తర్వాత అజోర్స్ దీవుల వాళ్లూ వచ్చారు. వాళ్లు ఇళ్ల వెనక ఆరుబయట గుమ్మటం లాంటి రాతి పొయ్యిలు కట్టుకుని, గుడ్లూ పాలూ చక్కెరా వేసిన తీపి రొట్టెను వాటిలో కాల్చారు. కోనా ప్రాంతంలో అక్కడి చరిత్ర సంఘం ఇప్పటికీ అలాంటి పొయ్యి రాజేసి గురువారం గురువారం రొట్టెలు చేస్తుంది. ఆ రుచినే 1950లో హిలోలో రాబర్ట్ టైరా అనే జపాన్ సంతతి బేకరీ యజమాని వ్యాపారంగా మలిచాడు. అదే తర్వాత కింగ్స్ హవాయియన్ అయింది. అక్కడా చెరుకే, ఇక్కడా చెరుకే. అక్కడికి గోధుమ రొట్టె అలవాటు, పొయ్యి కట్టే విద్య కూలీలతో పాటే వచ్చాయి. మనది బియ్యం, జొన్న, మక్కల నేల. జొన్న రొట్టె పెంక మీద కాలుతుంది, సర్వపిండి గిన్నెకు అంటుకుని కాలుతుంది. రెండింటికీ పొంగే పని లేదు, నాలుగు వైపులా మూసిన పొయ్యితో అసలే పని లేదు.

కాబట్టి మన దగ్గర రొట్టెకు తీపి చాలావరకు ఆలస్యంగానే చేరింది. హైదరాబాద్ డబుల్ కా మీఠానే చూడండి. చప్పటి బ్రెడ్డు కొనుక్కొచ్చి, నేతిలో వేయించి, పాలలో, పాకంలో నానబెడతారు. బేకరీ వాడి బాధ్యత చప్పటి రొట్టెతో తీరిపోతుంది, తీపి వంటింటి వ్యవహారం. పిండిలోనే చక్కెర కలిపితే కథ వేరు. అప్పుడు నిప్పు ముందు నిలబడాల్సింది చక్కెర కూడా.

సిరామిక్ గ్రిల్ మీద ఇంటి తీపి రొట్టె అవుతుందా అన్న ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది. కోడిగుడ్డు ఆకారంలో, మందపాటి గోడలతో, పైమూత తెరుచుకునే ఈ పొయ్యికి మూలం జపాన్ కమాడో. రెండో ప్రపంచయుద్ధం తర్వాత అక్కడ పనిచేసిన అమెరికన్ సైనికులు దాన్ని స్వదేశానికి మోసుకెళ్లారు. 1974లో అట్లాంటాలో ఎడ్ ఫిషర్ ‘బిగ్ గ్రీన్ ఎగ్’ కంపెనీ పెట్టాడు. పాత మట్టి పొయ్యిలు కొన్నాళ్లకు పగిలేవి. అందుకే తర్వాత తయారీదారులు వేడికి ఓర్చుకునే సిరామిక్‌కు మారారు. అట్లాంటా శివార్లలో ఆల్ఫారెట్టా, కమ్మింగ్ వైపు తెలుగు కుటుంబాలు దండిగా స్థిరపడ్డాయి. ఆ పెరళ్లలో ఇలాంటి పొయ్యి వింతేం కాదు. దాని మీద మనవాళ్లు ముందు చేసేది తందూరీ చికెన్. రొట్టె దాకా వచ్చేది తక్కువమంది.

ఈ పొయ్యి గొప్పతనం మంటలో లేదు, మంటను అణచడంలో ఉంది. అడుగున గాలి లోపలికి పోయే సందు, పైన బయటికి పోయే సందు, ఆ రెంటి మధ్యనే దాని జీవితమంతా. సందులు ముయ్యగానే బొగ్గు ఊపిరాడక మగ్గుతుంది, గోడలు మాత్రం తాగిన వేడిని విడవవు. గాలి రాకపోకలు తక్కువ కావడంతో పిండిలోంచి వచ్చే ఆవిరి లోపలే తిరుగుతుంది. రొట్టెకు అది వరమే. పైపొర త్వరగా బిగుసుకోకుండా పొంగడానికి వెసులుబాటు దొరుకుతుంది. ఇంత మేలు చేసే పొయ్యికి ఒక మొండితనం కూడా ఉంది. వేడి ఎక్కడం సులువు, దిగడం కష్టం. 180 డిగ్రీలు కావాల్సిన చోట 250 దాటిందంటే మళ్లీ కిందికి రావడానికి చాలాసేపు పడుతుంది. మాంసానికి ఆ తేడా ఫరవాలేదు. తీపి రొట్టె మాత్రం పాడైపోతుంది.

ఎందుకు పాడవుతుందో చూద్దాం. మామూలు బ్రెడ్డులో పిండి బరువుకు చక్కెర రెండు మూడు శాతం. తీపి రొట్టెలో పది నుంచి ఇరవై శాతం దాకా. అరకిలో మైదాకు 75 గ్రాముల చక్కెర అంటే పదిహేను శాతం. పిండి పైపొర 140 డిగ్రీలు దాటాక చక్కెరలూ ప్రొటీన్లూ కలిసి ఎర్రబడతాయి. ఇంకాస్త పైకి పోతే చక్కెర తనంతట తాను మాడుతుంది. పాలూ గుడ్డూ ఆ ఎరుపును మరింత తొందర చేస్తాయి. లోపలి సంగతి దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. రొట్టె మధ్యభాగం 90 డిగ్రీల దగ్గరికి రాకపోతే పచ్చిగా, బంకగా మిగులుతుంది. చక్కెర, నెయ్యి ఎక్కువైన ముద్ద లోపల ఆలస్యంగా ఉడుకుతుంది, బయట త్వరగా నల్లబడుతుంది. ఈ రెంటినీ ఒకే సమయానికి తీసుకురావడమే అసలు సమస్య. 175–180 డిగ్రీల దగ్గర అరగంటకు పైగా కాల్చడమే దానికి మందు. చప్పటి పల్లెటూరి తరహా రొట్టెలకు 230 డిగ్రీలు చెప్పే పుస్తకాన్ని పక్కన పెట్టాలి.

గ్రిల్ మీద దీన్ని సాధించే పద్ధతి ఇప్పటికి బాగా స్థిరపడింది. నిప్పుకూ రొట్టెకూ మధ్య సిరామిక్ పలక అడ్డం పెట్టాలి. ఆ పలక మీద రొట్టె టిన్ను నేరుగా పెడితే అడుగు మాడుతుంది. కిందినుంచి నిప్పు సెగ నేరుగా తగిలే పలక, మూతలోని గాలి కన్నా చాలా వేడిగా ఉంటుంది. చిన్న ఇటుక ముక్కలు మూడు పెట్టి, వాటి మీద ఇంకో పళ్లెం, దాని మీద టిన్ను పెట్టాలి. మధ్యన గాలి పొర నిలవాలి. రొట్టె ఎంత పైన ఉంటే అంత మేలు, మూత గుమ్మటం నుంచి తిరిగొచ్చే వేడి పైభాగాన్ని సమంగా కాల్చుతుంది. మూతకు బిగించిన థర్మామీటర్ చెప్పేది మూత దగ్గరి సంగతి, రొట్టె దగ్గరిది కాదు. కాబట్టి జాలీ మీద ఇంకో థర్మామీటర్ పెట్టుకోవడం తప్పదు. అన్నిటికంటే ముఖ్యం తొందరపడకపోవడం. ముల్లు 180 చూపించగానే రొట్టె పెట్టేవాళ్లే ఎక్కువ. గోడలు వేడిని పూర్తిగా తాగడానికి ముప్పావు గంట, గంట పడుతుంది. అప్పటిదాకా లోపలి వేడి నిలకడగా ఉండదు.

పొగ విషయంలో రెండు అభిప్రాయాలున్నాయి. పొగ వాసన రొట్టెకు అందమనేవాళ్లు ఒకవైపు, వద్దనేవాళ్లు ఒకవైపు. నేను రెండో వైపు. వెన్నా ఏలకులూ వేసిన ముద్ద పొగను ఇట్టే పట్టేసుకుంటుంది, తిన్నాక నాలుక మీద మిగిలేది చేదు. రాజేసిన కొత్తలో వచ్చే తెల్లటి పొగ పోయి, కంటికి కనిపించనంత పలచనయ్యేదాకా ఆగాల్సిందే. మన వైపు దొరికే తుమ్మ బొగ్గు దీనికి బాగా పనికొస్తుంది. ఇస్త్రీ బండ్లకు, కమ్మరి కొలిమికి వాడేది అదే. పెద్ద ముక్కలు అడుగున, చిన్నవి పైన పేర్చితే గాలి ఆడుతుంది. మన దగ్గర బొగ్గు అనగానే గోదావరిఖని గుర్తొస్తుంది కాబట్టి ఒక మాట: సింగరేణి రాతి బొగ్గు ఈ పొయ్యి దగ్గరికి రాకూడదు. అందులోని గంధకం, తారు రొట్టెకు పట్టుకుంటాయి. ఏ బొగ్గయినా కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది. వానొచ్చిందని పొయ్యిని వరండాలోకో, షట్టర్ వేసిన గదిలోకో జరపడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే.

ఇక మన పక్కనే ఉన్న పాత పొయ్యిలు ఈ ప్రశ్నకు ఏం జవాబు చెప్పాయి? కమాడో గురించి రాసేవాళ్లు ఎక్కువగా వదిలేసే భాగం ఇది.

హైదరాబాద్ పురానీ హవేలీలో 1851లో మొదలైన మున్షీ నాన్ దుకాణంలో నాలుగు మూలల నాన్‌ను నిప్పుల తందూరు గోడకు అంటించి కాల్చేవాళ్లు. తందూరు గోడ 300 డిగ్రీలు సులువుగా దాటుతుంది. పలచటి నాన్‌కు రెండు నిమిషాలు చాలు, లోపలా బయటా ఒకేసారి ఉడికిపోతుంది. తీపి రొట్టెలో తందూరు ఇచ్చిన జవాబు షీర్మాల్. మైదా, పాలు, నెయ్యి, చక్కెర, కుంకుమపువ్వు. దాన్ని ఎత్తుగా పొంగనివ్వరు. పలచగా ఒత్తి, పొడుచుకుంటూ చుక్కలు పెట్టి, కాలుతుండగా పాలు చిలకరిస్తారు. ఎత్తు తగ్గించి, పైపొరను తడిపి చక్కెరను కాపాడుకున్నారు. నిప్పును మార్చలేక రొట్టె ఆకారాన్ని మార్చుకున్నారన్నమాట. గల్ఫ్‌లోనూ ఇదే పద్ధతి. ఎమిరాతీల ఖమీర్ రొట్టె ఖర్జూరం తీపితో, ఏలకులూ కుంకుమపువ్వుల వాసనతో తన్నూరులో కాలేది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు నుంచి దుబాయి, మస్కట్ పోయినవాళ్లకు ఖుబూస్ గురించి చెప్పనక్కర్లేదు, నెలల తరబడి కడుపు నింపింది అదే. ఖమీర్ మాత్రం అక్కడి ఇళ్ల రొట్టె, కూలీల క్యాంపు దాకా వచ్చేది కాదు.

రెండో జవాబు ఇటుక బట్టీది. పాత ఇరానీ బేకరీల్లో కట్టెలు లోపలే మండించి, నిప్పులు ఒక పక్కకు లాగేసి, నేల తుడిచి, ఆ వేడి మీద సరుకు కాల్చేవాళ్లు. ఒకసారి రాజేసిన బట్టీ గంటల కొద్దీ నెమ్మదిగా చల్లారుతుంది. ముందు ఎక్కువ వేడికి ఓర్చే చప్పటి రొట్టె, తర్వాత బన్నులు, చివర్లో కేకులూ బిస్కెట్లూ. తీపి పెరిగే కొద్దీ వంతు వెనక్కి పోతుంది. హవాయి రాతి పొయ్యి కూడా ఇదే పద్ధతి. మంట ఆరాకే రొట్టె లోపలికి. నేల మీద చిటికెడు పిండి చల్లి, అది నల్లబడుతుందా, మెల్లగా ఎర్రబడుతుందా అని చూసి వేడి అంచనా కట్టేవాళ్లు. థర్మామీటర్ లేని ఏ పొయ్యికైనా ఆ పరీక్ష ఇప్పటికీ చాలు.

ఈ రెంటి పక్కన పెట్టి చూస్తే కమాడో స్వభావం తేటపడుతుంది. బట్టీ ఆరిన నిప్పుతో పనిచేస్తుంది, కమాడో అణచిన నిప్పుతో. బట్టీలో వేడి పడిపోతూ ఉంటుంది కాబట్టి మరిచిపోయినా రొట్టె మాడే భయం తక్కువ. కమాడోలో నిప్పు బతికే ఉంటుంది, మూత తెరిచిన ప్రతిసారీ గాలి తగిలి లేస్తుంది. రొట్టె ఎలా ఉందో చూద్దామని పదే పదే మూత ఎత్తేవాళ్లకు అది సరిపడదు. తీపి రొట్టె వరకు నా ఓటు బట్టీకే. కానీ ఒక్క రొట్టె కోసం బట్టీ రాజేసేవాళ్లెవరు? నలుగురు తినే ఇంట్లో, రెండు కిలోల బొగ్గుతో, పెరట్లో పనయిపోవాలంటే అణచిన నిప్పే దారి.

మూడో జవాబు మన వంటింట్లోనే ఉంది, దమ్. బిర్యానీ గిన్నె మూత మీద నిప్పులు పోసి, కిందా పైనా వేడి ఇచ్చే పద్ధతి అసలు ఓవెన్ సూత్రమే. ఓవెన్ లేని ఇళ్లల్లో గంజులో రెండు అంగుళాల ఇసుక పోసి, దాని మీద స్టాండు, స్టాండు మీద కేకు గిన్నె పెట్టి మూత వేసి కాల్చడం పాత అలవాటే. కిందా పైనా నిప్పులు పెట్టి కాల్చే ఇనుప పాత్రలకు ఒక లెక్క ఉంది. కాల్చే వంటకైతే నిప్పుల్లో మూడింట ఒక వంతు కింద, రెండు వంతులు మూత మీద. ఇసుక గంజుకూ అదే లెక్క వర్తిస్తుంది. ఇసుక కింది వేడిని మెత్తబరుస్తుంది, కమాడోలో సిరామిక్ పలక చేసే పని అదే. కుమ్మరి చేసిన మందపాటి వెడల్పు మూతి కుండ గంజు కన్నా వేడిని బాగా పట్టి ఉంచుతుంది. కాకపోతే ఒక పక్కే సెగ తగిలితే చిట్లుతుంది, మొదటి అరగంట సన్నని నిప్పు మీదే ఉంచాలి.  దిగుమతి అయ్యే పెద్ద సిరామిక్ గ్రిల్ మన దేశంలో లక్ష రూపాయలు దాటుతుంది. రొట్టె కోసమే కొనేవాళ్లకు నేనైతే వద్దని చెబుతాను. మాంసానికీ పీజాకూ కొని, రొట్టెకు కూడా వాడుకునేవాళ్ల లెక్క వేరు.

పొయ్యి సంగతి ఇంత. పిండి సంగతికి వస్తే, చక్కెర నిప్పుతోనే కాదు, ఈస్టుతోనూ గొడవపడుతుంది. కొద్దిగా ఉంటే ఈస్టుకు మేత. ఐదు శాతం దాటాక ఈస్టు కణంలోని నీటిని బయటికి లాగేస్తుంది, పొంగడం నెమ్మదిస్తుంది. పదిహేను శాతం దగ్గర ఈ ఆలస్యం కంటికి కనిపిస్తుంది. దీనికి మూడు ఉపాయాలున్నాయి. ఈస్టును కాస్త పెంచి అరకిలోకు ఏడెనిమిది గ్రాములు వేయడం ఒకటి. చక్కెరను ఓర్చుకునే ప్రత్యేక రకం ఈస్టు వాడడం రెండు. మూడోది పాతది, నాకిష్టమైనది: మైదాలో కొంత, పాలు, ఈస్టు మాత్రమే కలిపి గంటసేపు పొంగనిచ్చి, ఆ తర్వాతే చక్కెర, నెయ్యి, మిగతా పిండి చేర్చడం. అప్పటికి ఈస్టు బలం పుంజుకుని ఉంటుంది. పాలు కాచి చల్లార్చి పోయమని చాలా పడమటి పుస్తకాలు ప్రత్యేకంగా చెబుతాయి. పచ్చి పాలలోని ఒక ప్రొటీన్ ముద్దను నీరసపరుస్తుందని వాళ్ల బాధ. మన ఇళ్లల్లో పాలు కాచకుండా వాడేవాళ్లే లేరు కాబట్టి ఈ జాగ్రత్త మనకు ఊరికే వచ్చింది.

ఈస్టు ప్యాకెట్ లేని రోజుల్లో గోవా రొట్టెల వాళ్లు కొబ్బరి చెట్ల కల్లుతో పిండి పులియబెట్టేవాళ్లు. కల్లులో ఉండే ఈస్టు బేకరీ ఈస్టుకు సొంత బంధువే, చాలాసార్లు అదే జాతి. ఈత, తాటి చెట్లకు కొదవలేని మన ప్రాంతంలో ఈ దారి ఎందుకు పట్టలేదంటే, మళ్లీ అదే జవాబు: పొంగించాల్సిన గోధుమ పిండి లేదు. ఇప్పుడు ప్రయత్నించేవాళ్లు తెల్లవారుజామున దించిన చెట్టు కల్లు మాత్రమే వాడాలి, నీళ్ల బదులు పోయాలి, పొంగడానికి ఈస్టు కన్నా రెండింతల టైము ఇవ్వాలి. పుల్లటి వాసన కొద్దిగా వస్తుంది, బెల్లంతో అది చక్కగా కలుస్తుంది. దుకాణం కల్లు వద్దు. తెలంగాణలో కల్లులో మత్తు మందులు కలిపే సంగతి తెలియనిది కాదు. ఆ మత్తు మందులు పొయ్యి వేడికి పోతాయని నమ్మడానికి లేదు.

బెల్లం మాట వచ్చింది కాబట్టి. మేడారం జాతరలో బెల్లాన్ని బంగారమని మొక్కు చెల్లించే ప్రాంతం మనది, రొట్టెలో చక్కెర బదులు బెల్లమే వేద్దామనిపించడం సహజం. వేయొచ్చు. కానీ గ్రాముకు గ్రాము లెక్క కుదరదు. బెల్లంలో తేమ ఉంటుంది, గ్లూకోజ్, ఫ్రక్టోజ్ ముందే విడివడి ఉంటాయి. ఇవి చక్కెర కన్నా తక్కువ వేడికే ఎర్రబడతాయి. కాబట్టి పొయ్యి పది డిగ్రీలు తగ్గించాలి, పాలు రెండు మూడు చెంచాలు తగ్గించాలి. పాలలో నేరుగా వేసి కాస్తే విరిగే ప్రమాదం ఉంది, నీళ్లలో కరిగించి, వడగట్టి, గోరువెచ్చన అయ్యాక కలపడం క్షేమం. రంగు కోసం హైడ్రోస్ అనే రసాయనం కలిపిన పచ్చటి బెల్లం కన్నా ముదురు రంగు బెల్లమే రుచిలోనూ రొట్టె రంగులోనూ మెరుగు. ముత్యంపేట ఫ్యాక్టరీ తెరిపిస్తామని ప్రభుత్వాలు మారినప్పుడల్లా మాట వినిపిస్తుంది. 2024 మొదట్లో దానికోసం కమిటీ కూడా వేశారు. తెరిచినా తెరవకపోయినా ఇంటి రొట్టెకు కావాల్సిన బెల్లం గానుగ నుంచి వస్తుంది.

కొన్న బ్రెడ్డు ఉండగా ఈ శ్రమంతా ఎందుకన్న ప్రశ్నకు ఒక చరిత్ర ఉంది. పిండిని తెల్లగా, ఎత్తుగా చేయడానికి కలిపే పొటాషియం బ్రోమేట్‌ను మన దేశంలో 2016లోగానీ నిషేధించలేదు. ఆ రసాయనం లేకుండా పొంగాలంటే కావాల్సింది టైము, బాగా పిసకడం. బెంగళూరు చిక్‌పేటలో 1898లో మొదలైన అయ్యంగార్ బేకరీ పేరు ఇవాళ తెలంగాణ చిన్న పట్టణాల బోర్డుల మీద కూడా కనిపిస్తుంది. కొబ్బరి, టూటీ ఫ్రూటీ పొదిగిన దిల్‌పసంద్ ఆ దుకాణాల ద్వారానే మన పిల్లలకు తెలిసిన తీపి రొట్టె. ఇంట్లో మొదలుపెట్టేవాళ్లకు నేను ఎంచేది కూడా ఆ ఆకారమే. పైనా కిందా పలచటి పిండి, మధ్యన పూర్ణం. ఎత్తు తక్కువ కాబట్టి లోపల పచ్చిగా మిగిలే భయం ఉండదు, తీపిలో ఎక్కువ భాగం లోపల దాక్కుంటుంది కాబట్టి పైన మాడదు. షీర్మాల్ చేసినవాళ్ల తెలివి ఇందులోనూ ఉంది.

చివరిగా మన ఎండ. పడమటి వంట పుస్తకాలు 24 డిగ్రీల గదిని ఊహించుకుని గంటన్నర పొంగనివ్వమంటాయి. మే నెలలో జగిత్యాల జిల్లాలో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. అలాంటి గదిలో ముద్ద త్వరగా ఉబ్బి, పుల్లబడి, కూలిపోతుంది. ఆ కాలంలో చల్లటి పాలతో కలిపి, ఈస్టు సగానికి తగ్గించి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, తెల్లవారి ఎండ రాకముందే కాల్చడం మంచిది. ఆరుబయట సెగ పక్కన నిలబడే మనిషికి కూడా అదే మంచిది. డిసెంబర్, జనవరి చలిలో కథ తిరగబడుతుంది. ముద్ద కదలదు. అప్పుడు కమాడోలో గోడలు వేడెక్కడానికి పట్టే ఆ గంట పనికొస్తుంది. టిన్నులో పెట్టిన ముద్దను గుడ్డ కప్పి, పొయ్యికి మూరెడు దూరంలో స్టూలు మీద ఉంచితే, గోడలు సిద్ధమయ్యేసరికి ముద్ద కూడా సిద్ధమవుతుంది. వేలితో మెల్లగా నొక్కితే గుంట నెమ్మదిగా సగం వరకే పూడాలి. వెంటనే పూడితే ఇంకాస్త ఆగాలి. అసలే పూడకపోతే ఆలస్యమైనట్టే, వెంటనే పొయ్యిలో పెట్టేయాలి.